పెద్దాయన పేరున నీడ తోట
(వార్షికోత్సవ సభలో తారానగర్ సొసైటీ కార్యదర్శి ప్రసంగం)

 

మా సొసైటీకి చాలాకాలం అధ్యక్షుడిగా ఉన్న పెద్దాయన పోయిన సంక్రాంతికి ముందు కాలం చేశారు. ఆయన పేరున ఏదైనా చేయాలని అందరం అనుకున్నాం. ఏం చేయాలన్న దగ్గరే పేచీ వచ్చింది. కుర్రోళ్ళు విగ్రహం అన్నారు. కొందరు మంటపం అన్నారు. మేము తోట అన్నాం.

ఎందుకో చెప్తాం. ఒకప్పుడు మేము పడుగు సాచింది చెట్ల కింద. తెల్లవారుజామున గంజి పెట్టి, కుంచెతో దువ్వి, ఎండ ముదిరేలోపల చుట్టేసేవాళ్ళం. నలుగురైదుగురు కలిస్తేనే అయ్యే పని అది. మనిషి తక్కువైతే పెద్దాయనే పంచె ఎగ్గట్టి కుంచె పట్టుకునేవారు, అధ్యక్షుణ్ణని చూసేవారు కాదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ చెట్లు పోయినాయి. ఇప్పుడు ఎండలో సాస్తే గంజి బిర్రుగా ఆరిపోయి పోగు పెళుసవుతుంది, మగ్గం మీద టపటపా తెగుతుంది. తెగిన పోగు అతికేదానికి పోయే పొద్దుకు కూలి ఎవరిస్తారు? నీడ మనకు సోకు కాదప్పా, కూలి.

నేతన్న పేరు పచ్చని చెట్లతో ముడిపడటం కొత్తేమీ కాదు. కొండా లక్ష్మణ్ బాపూజీ గారు 1915లో పుట్టి 2012లో పోయినారు. బతికినంత కాలం చేనేత సహకార సంఘాల కోసం తిరిగిన మనిషి. 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవే వదులుకున్నారు. ఈరోజు ఆయన పేరున ములుగు దగ్గర, సిద్దిపేట జిల్లాలో, ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. వెంకటగిరిలో చేనేత చదువు చెప్పే సంస్థకు ప్రగడ కోటయ్య గారి పేరు పెట్టినారు. మా పెద్దాయన అంత పెద్దోడు కాదు. ఆయనకు మా ఊరంత తోట చాలు.

సొసైటీ వెనక స్థలంలో రెండు వరుసలు వేప, కానుగ. నడుమ పడుగు సాచేంత బారు వదలాలి, అది మరవొద్దు. కంచె పక్కన దానిమ్మ, మోదుగ, ఒక మడి నీలి. దానిమ్మ తొక్క పసుపు రంగు ఇస్తుంది, మోదుగ పువ్వూ అంతే. నీలి మూడు నాలుగు నెలల్లో కోతకొస్తుంది. పిల్లలు రంగంటే డబ్బాలో పొడి అనుకుంటున్నారు, వాళ్ళకు చెట్టు చూపించాలి. ఒక మూల నాలుగు పత్తి మొక్కలు కూడా.

గుంటలు ఎండాకాలంలోనే రెండడుగులు తవ్వి ఎండబెట్టాలి. తొలకరికి పెంటెరువు, వేపపిండి కలిపి పూడ్చి నాటాలి. నారిహళ్ళ డ్యాం పక్కనే ఉంది గదా, నీళ్ళకేం అన్నారు కొందరు. డ్యాం నీళ్ళు నడుచుకుంటా మొక్క దగ్గరికి రావు. మొక్క పక్కన చిల్లి కుండ పాతి, వారానికి రెండుసార్లు నింపాలి. ఇంటికొక మొక్క వంతు. గనుల లారీల ఎర్రదుమ్ము ఆకుల మీద పేరుకుంటుంది, అదీ కడగాలి. అద్దకం తొట్టి నీళ్ళు మాత్రం పొయ్యొద్దు, మొక్క చచ్చిపోతుంది. మేకల సంగతి మీకు చెప్పక్కర్లేదు, ముందు కంచె, తర్వాతే మొక్క.

నీడకు ఐదారేండ్లు పడుతుంది. అంతదాకా ఎవరుంటారని ఒకాయన అడిగినారు. మేముంటామో లేదో, పడుగు ఉండాలి గదా.

పెద్దాయన ఇంటోళ్ళు ఒప్పుకున్నారు. ఫోటో వద్దు, గేటు దగ్గర ఒక బండ మీద పేరు చాలన్నారు. ఆయన చేతి కుంచె ఇంకా వాళ్ళింట్లోనే ఉంది. తొలి పడుగు సాచే రోజుకు ఇస్తామన్నారు.

వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకు గుంటలు కొలుస్తాం. పార, గడ్డపార ఉన్నోళ్ళు తెచ్చుకోండి. టీ సొసైటీదే.