దగ్గితే మూత్రం పడుతోందా?

దగ్గినా, తుమ్మినా, నీళ్ల బిందె ఎత్తినా మూత్రం చుక్కలు పడుతున్నాయని ఎందరో స్త్రీలు లోలోపలే కుమిలిపోతుంటారు. కాన్పులయ్యాక ఇది మామూలే అంటారు పెద్దలు. మామూలే కావచ్చు గానీ, భరిస్తూ కూర్చోనక్కరలేదు. మూత్రసంచిని, గర్భసంచిని కింద నుంచి మోసే కండరాలు వదులైతే ఇలా జరుగుతుంది. కొందరు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మీదికి నెడతారు. అది ఈ కండరాల జోలికే పోదు.

1948లో అమెరికా డాక్టరు కెగెల్ వీటికో వ్యాయామం చెప్పాడు. గాలి పోకుండా ఆపుకున్నట్టు లోపలికి బిగించి, 5 లెక్కపెట్టి వదలండి. ఊపిరి బిగపట్టకండి. 10 సార్ల చొప్పున మూడు పూటలా, 3 నెలలు చేయాలి. బియ్యం ఏరుతూ చేసినా ఎవరికీ తెలియదు! గర్భిణులు, బాలింతలు, ముట్లుడిగినవారు అందరూ చేయవచ్చు. బిగిస్తే నొప్పి వచ్చినా, కింద ఏదో జారినట్టున్నా మానేసి, సిగ్గుపడక నర్సమ్మతో చెప్పండి.