తాలు కాయ, పత్తిగింజ, తవుడు

 

ఎదురుగా మంగళగిరి కొండ మీద పానకాలస్వామి పోసిన పానకంలో సగం తాగి, సగం తిరిగి ఇచ్చేస్తాడంటారు. మన చేను కూడా అంతే. కోత అయ్యాక అది తిరిగి ఇచ్చిన సగం గురించి నాలుగు మాటలు చెబుతాను.

ముందు పత్తి. కిలో దూదికి కిలోన్నరకు పైగా గింజ వస్తుంది. నూనె పిండాక మిగిలిన చెక్కలో బోలెడు మాంసకృత్తులుంటాయి. అయినా మనం తినం. గింజను అడ్డంగా కోసి చూడండి, పప్పులో మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కల్లో ఉండేది గాసిపాల్ అనే విషం. గేదె పొట్ట దాన్ని చాలావరకు కట్టడి చేస్తుంది. అందుకే మా ఇంట్లో గింజలు నానబెట్టి, రుబ్బి కుడితిలో కలిపేవాళ్లు. మన పొట్టకు ఆ శక్తి లేదు.

టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో కీర్తి రాథోర్ అనే మన దేశపు శాస్త్రవేత్త గింజలో మాత్రమే ఆ విషం తగ్గేట్టు చేశారు. ఆకుల్లో అలాగే ఉంచారు, పురుగు నుంచి మొక్క తనను కాచుకునేది దానితోనే కదా. ఆ ఫలితం అచ్చయింది 2006లో. తినొచ్చని అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకున్నది 2019లో. పదమూడేళ్లు! ఆరు నెలలకే ప్రమోషన్ రాలేదని అలిగేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

చేనిలోనే కాదు, అడవి సరుకుల్లోనూ ఇలా మిగిలేది ఒకటుంది, చింతగింజ. దాని పిండిని మిల్లుల్లో నూలుకు గంజి పెట్టడానికి వాడతారు. నేతగాళ్ల ఊళ్లో ఉన్నాం కాబట్టి ఇది చెప్పాలి. జపాన్‌లో అదే గింజ జిగురుతో సాసులు చిక్కబరుస్తారు.

ఇక మిర్చి. ఇక్కడ కాస్త కటువుగానే మాట్లాడతాను. కల్లంలో ఆడవాళ్లు రంగు వెలిసిన తాలు కాయలు ఏరడం మీలో చాలామంది చూసే ఉంటారు. సాయంత్రం అన్నం కలుపుకోబోతే వాళ్ల చేతులు భగ్గుమంటాయి. అంత మంట పడి వేరుచేసిన తాలును కొందరు పొడికొట్టి, రంగు కలిపి కారంగా అమ్ముతారు. పారేసేదాన్ని తినేదిగా మార్చామనే వాళ్లూ అనుకోవచ్చు! 2005లో బ్రిటన్‌లో తిండిలో వాడకూడని సూడాన్ అనే రంగు కలిసిన కారం ఒక సాసులో పడి, దాన్నుంచి నాలుగు వందలకు పైగా సరుకుల్లోకి పాకింది. అన్నీ దుకాణాల్లోంచి దించేశారు. ఆ కారం వెళ్లింది మన దేశం నుంచే.

తవుడులో మోసం లేదు, ఉన్నదల్లా తొందర. వడ్లు మర పట్టగానే తవుడులోని లైపేజ్ అనే ఎంజైమ్ నూనెను ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లుగా విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. వెంటనే వేడి తగిలిస్తే ఆగుతుంది, ఒరిజనాల్ ఉన్న మంచి వంటనూనె చేతికొస్తుంది. నాన్చితే ఆ నూనె సబ్బుకు పోతుంది.

పట్టా పుచ్చుకుని రేపు మీరు ఏదో మిల్లుకు వెళతారు. యజమాని కుర్చీ వేసి, టీ తెప్పించి, బస్తా మూతి విప్పి, ‘తాజా తవుడేనండీ, పొద్దున్నే పట్టాం’ అంటాడు. టీ తాగండి. గుప్పెడు తవుడు తీసి ముక్కు దగ్గర పెట్టుకోండి. వాసన బాగానే ఉన్నా సరే, ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ ఎంత వచ్చిందో చూశాకే సంతకం పెట్టండి.