వాగ్దానము ప్రక్కన పద్దు వ్రాయవలెను

(గ్రామ పంచాయతీ ఎన్నికలలో నిలబడదలచిన వారి సమావేశమున జరిపిన ప్రసంగ పాఠము)



గ్రామ పంచాయతీకి పోటీ చేయవలెనను తలంపుతో మీలో పలువురు ఇచ్చటికి వచ్చినారు. ఊరికి మేలు చేయవలెనను కోరిక మంచిది. ఆ కోరిక నెరవేరవలెనన్నచో నామినేషను వేయుటకు ముందే ఒక పని చేయవలెను. పంచాయతీ కార్యాలయమునకు వెళ్లి జమాఖర్చుల పుస్తకము చూడవలెను. ఊరి ఆదాయమెంత, ఖర్చెంత, బకాయిలెంత అనునది తెలియకుండ చేసిన వాగ్దానము ఓట్ల నాటితోనే తీరిపోవును. ఆ పుస్తకమును గురించియే నేడు మీతో ముచ్చటింపదలచినాము.

మన ప్రాంతమున పంచాయతీరాజ్య వ్యవస్థను 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించినారు. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు రాజ్యాంగబద్ధమైన స్థానము కల్పించినది. ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి చట్టము, తెలంగాణలో 2018 నాటి చట్టము ఈ పరిపాలనకు ఆధారము. రెండు రాష్ట్రములలోను సర్పంచిని ఓటర్లు నేరుగా ఎన్నుకొందురు. ఈ ఎన్నికలలో పార్టీ గుర్తులు లేవు. కావున అభ్యర్థి ఏ పార్టీ ప్రణాళిక చాటునను నిలువజాలడు. మన వీధి, మన బావి, మన మురుగుకాలువ, మన పద్దు: ఇవియే అతని ప్రణాళిక.

పన్ను అనగానే ప్రజలు ముఖము త్రిప్పుకొందురని కొందరు అభ్యర్థులు భయపడుదురు. చీరాల, పేరాల ప్రజల చరిత్ర మనకు వేరొక పాఠము చెప్పుచున్నది. ఆ రెండు ఊళ్లను కలిపి పురపాలక సంఘము చేసినప్పుడు పన్నుల భారము ఎన్నో రెట్లు పెరిగినది. తమకు అక్కరలేని సంఘమును తమ శక్తికి మించిన పన్నుతో నెత్తిన రుద్దినారని ప్రజలు వాదించిరి. ప్రభుత్వము వినకపోగా, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలాదిమంది ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేరుతో పాకలు వేసికొని నెలల తరబడి నివసించిరి. తమను అడుగకుండ, తమ శక్తిని చూడకుండ వేసిన పన్నును వారు ఎదిరించిరి. అడిగి, లెక్క చూపి, ప్రతిఫలము కండ్లకు కనబరచినచో పన్ను చెల్లించువారికి మన పల్లెలలో కొదువ లేదు. వరంగల్లు ప్రాంతపు గంగదేవిపల్లె గ్రామస్థులు కమిటీలుగా ఏర్పడి ఊరి పనులు నడుపుకొనుచు, ఇంటిపన్ను పూర్తిగా చెల్లించు గ్రామముగా పేరు తెచ్చుకొనుట ఇందుకు నిదర్శనము.

ఇప్పుడు ఒక ఊరిని ఊహించుకొందము. అందు 600 ఇండ్లున్నవి. ఇంటికి సగటున ఏడాదికి 500 రూపాయల పన్ను అనుకొందము. డిమాండు 3 లక్షలు. సంత వేలము, చెరువు చేపల పాట కలిసి మరి 60 వేలు. మొత్తము 3 లక్షల 60 వేలు. ఖర్చు చూతము. వీధిదీపములకు, మంచినీటి మోటారుకు నెలకు 12 వేల చొప్పున ఏడాదికి 1 లక్షా 44 వేలు. ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులకు నెలకు తలకు 8 వేల చొప్పున 1 లక్షా 92 వేలు. మొత్తము 3 లక్షల 36 వేలు. అనగా పన్ను పూర్తిగా వసూలైనచో 24 వేలు మిగులును. నూటికి అరువది వంతులే వసూలైనచో పన్ను 1 లక్షా 80 వేలకు దిగిపోయి, ఏడాదికి 96 వేలు లోటు పడును. ఆ లోటు ఎవరి నెత్తిన పడును? జీతము అందని కార్మికుని నెత్తిన పడును. బిల్లు కట్టక చీకటియైన వీధిలో నడచు ఆడవారి నెత్తిన పడును. ఇట్టి ఊరిలో నిలబడి ఇంటిపన్ను మాఫీ చేయింతునని చెప్పు అభ్యర్థి ఏ దీపమును ఆర్పనున్నాడో కూడ చెప్పవలెను.

ప్రభుత్వ నిధులు వచ్చును కదా అని మీరు అడుగవచ్చును. వచ్చును. 2021 నుండి 2026 వరకు 5 సంవత్సరములకు గ్రామీణ స్థానిక సంస్థలకై 15వ ఆర్థిక సంఘము 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసినది. అయితే ఆ సొమ్ములో నూటికి 60 వంతులు త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకే వినియోగింపవలెనని నిర్ణయించినది. మిగిలిన 40 వంతులు స్థానికావసరములకు వాడుకొనవచ్చును గాని, జీతములకు, కార్యాలయ నిర్వహణకు వాడరాదని చెప్పినది. లెక్కలను అందరు చూచుటకు వీలుగా ఆన్‌లైనులో ఉంచుటయు ఒక షరతుగా పెట్టినది. మనము ఊహించిన ఊరికి ఇట్టి నిధి ఏడాదికి 10 లక్షలు వచ్చినదనుకొన్నను, చేతికి వీలుగా మిగులునది 4 లక్షలే. ఆ 4 లక్షలతో స్వాగత తోరణము, సామాజిక భవనము, పది వీధులకు సిమెంటు రోడ్లు అన్నియు వేయింతుననుట సాధ్యమగునా? నిధి చేతికి రాకమునుపే అప్పు తెచ్చి పనులు చేయించి, బిల్లుల కొరకు ఏండ్ల తరబడి తిరిగిన సర్పంచులు మన రెండు రాష్ట్రములలోను కలరు. ఆ వడ్డీ తుదకు వారి కుటుంబములను కృంగదీసినది.

కావున ప్రతి వాగ్దానము ప్రక్కన నాలుగు మాటలు వ్రాసికొనుడు. దీనికి ఎంత ఖర్చు? ఆ సొమ్ము ఏ పద్దు నుండి వచ్చును? ఏ సంవత్సరమున పూర్తి యగును? పూర్తియైన పిమ్మట మరమ్మతు ఖర్చు ఎవరు భరింతురు? నాలుగవ ప్రశ్నను మనము తరచుగా మరచుచున్నాము. ట్యాంకు కట్టుట ఒక్కనాటి పని. దానిని కడుగుట, మోటారు బాగుచేయుట ప్రతి ఏటి పని.

ఊరి అవసరములు తెలిసికొనుటకు వీధి వీధి తిరుగుడు. చివరి కుళాయికి నీరు అందుచున్నదా? దళితవాడలో మురుగు ఎటు పోవుచున్నది? శ్మశానమునకు దారి యున్నదా? వానకాలమున బడి ముంగిట నీరు నిలుచుచున్నదా? రచ్చబండ దగ్గర వినబడు కోరికలు పెద్ద గొంతుల కోరికలు. చివరి వీధిలో వినబడునవి నిజమైన అవసరములు. మొదటి పద్దు వాటికి కేటాయింపుడు.

ఇక ఎన్నికల ఖర్చు. తెలంగాణలో 2025 ఎన్నికలకు, 5,000 మించిన జనాభా గల గ్రామమున సర్పంచి అభ్యర్థి ఖర్చునకు 2 లక్షల 50 వేలు, అంతకు తక్కువ జనాభా గల చోట 1 లక్షా 50 వేలు పరిమితిగా ఉండెను. ఆ హద్దును దాటి, పొలము అమ్మి, సీసాలు, నోట్లు పంచి గెలిచిన వాడు పెట్టుబడి ఎక్కడ నుండి రాబట్టుకొనును? ఊరి పద్దు నుండియే గదా. సర్పంచి పదవిని గుడి పేరిట వేలము వేసి ఏకగ్రీవమని చాటుటయు ఇట్టిదే. అందరు కూర్చుండి మనస్ఫూర్తిగా ఒకరిని ఎన్నుకొనుట ఏకగ్రీవము; ఎక్కువ సొమ్ము పాడిన వానికి పదవి నిచ్చుట అమ్మకము. ఓటరు తన హక్కును, బీదవాడు తన అవకాశమును దానివలన పోగొట్టుకొనుచున్నారు.

సోదరీమణులకు ప్రత్యేకముగా ఒక మాట. రెండు రాష్ట్రములలోను సగము స్థానములు మీకు కేటాయింపబడినవి. గెలిచిన పిమ్మట నగదు పుస్తకము మీరే చదువుడు, చెక్కుపై సంతకమునకు ముందు బిల్లు మీరే చూడుడు. భర్తయో, అన్నయో పెత్తనము చేసినను, ఆడిటులో జవాబు చెప్పవలసినది సంతకము చేసిన వారే. ఇంటి ఖర్చును పొదుపుగా దిద్దుకొను మీకు ఊరి పద్దు కొరుకుడు పడనిది కాదు.

గెలిచిన వారు లెక్కను దాచరాదు. 1994 చట్టము ప్రకారము గత సంవత్సరపు జమాఖర్చుల లెక్క, ఆడిటు నివేదిక, రానున్న ఏటి కార్యక్రమము, క్రొత్త పన్నుల ప్రతిపాదనలు గ్రామసభ ముందుంచవలెను. మేము కోరునది ఇంకొక్కటి. నెల నెలా వచ్చినదెంత, పోయినదెంత అని కార్యాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. చదువురాని వారికి గ్రామసభలో చదివి వినిపింపుడు. ఓడిన వారికిని పని కలదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద లెక్క అడుగుట, గ్రామసభకు తప్పక వచ్చుట, మంచి పనికి చేయూత నిచ్చుట వారి ధర్మము.

రేపు మీరు ఓటు అడుగబోవునప్పుడు చేతిలో కరపత్రముతో పాటు ఒక చిన్న కాగితము ఉంచుకొనుడు. ఒక వైపున ఊరి ఆదాయము, రెండవ వైపున మీరు చేయదలచిన మూడే మూడు పనులు, వాటి ఖర్చు. మూడు చెప్పి మూడు చేసిన వానిని ఊరు మరల పిలుచును. ముప్పది చెప్పి ఒకటియు చేయని వాని ఇంటి ముందు ఊరు ఐదేండ్లు నిలదీసి అడుగును. మీ కాగితము నిజాయితీతో నిండియుండవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.