బెంచీ మీద ఖాళీ చోటు



లండన్‌లోని రిచ్‌మండ్‌లో, థేమ్స్ నది ఒడ్డున, 2022 నవంబరులో ఒక రచయిత్రికి కంచు విగ్రహం పెట్టారు. పేరు వర్జీనియా వుల్ఫ్. నవలకు కొత్త దారి వేసిన మనిషి. 1917లో భర్తతో కలిసి ఆ ఊళ్లోనే, ఇంట్లోనే చేతి అచ్చుయంత్రం పెట్టుకుంది. జనం చందాలతో లేచిన విగ్రహమది. బెంచీ మీద కూచుని ఉంటుంది. పక్కన ఎవరైనా కూచోవచ్చు.

ఆడమనిషి రాయాలంటే ఏడాదికి 500 పౌన్ల రాబడి, గడియ పెట్టుకునే సొంత గది కావాలని 1929లో ఆమె పుస్తకం వేసింది. నిజమే చెప్పింది. మరి ఆమె రాసుకుంటుంటే పొయ్యి దగ్గర ఎవరున్నారు? నెల్లీ బాక్సాల్. 1916 నుంచి 1934 దాకా ఆ ఇంట్లో వంట చేసింది. ఆ పుస్తకం వచ్చిన ఏడాదే, తన గదిలోకొచ్చిన యజమానురాలిని బయటికి పొమ్మంది నెల్లీ! ఆ సంగతి వుల్ఫే డైరీలో రాసుకుంది.

ఒకామె రాసింది, ఒకామె చేసి చూపింది. విగ్రహం వద్దని నేననను. ఆ పుస్తకం మన ఆడపిల్లలు చదవాలి. కానీ ఆ బెంచీ మీద ఖాళీ చోటు నెల్లీదని నేనంటాను. ఎవరి విగ్రహం ముందు నిలబడ్డా, వాళ్లకు అన్నం వండిందెవరని అడగండి.