జీతం అక్కడిది, కాపురం ఎక్కడ?

(శ్రీముఖలింగంలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

  

నేను పన్ను లెక్కలు రాసి బతికినవాణ్ని. ఉపన్యాసాలు నాకు చేతకావు. అయినా కమిటీ వారు పిలవడానికి కారణం ఉంది. ఈ రెండు మూడేళ్లలో మన పిల్లలు చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "కంపెనీ ఎక్కడినుంచైనా పని చేసుకోమంటోంది. బెంగళూరులో ఉండాలా, విశాఖ రావాలా, ఇంటికే వచ్చేయాలా? ఎక్కడుంటే పన్ను తక్కువ?" అని.

ఈ ఊళ్లో నిలబడి ఆ ప్రశ్న గురించి మాట్లాడుతుంటే నాకు ఒక సంగతి గుర్తొస్తోంది. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఈ శ్రీముఖలింగమేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది అంటారు. ఆ కళింగనగరం నుంచి ఇచ్చిన తామ్ర శాసనాల్లో భూమి దానం చేసినప్పుడు "సర్వకర పరిహారం" అని రాసేవారు. అంటే ఆ భూమికి ఏ పన్నూ లేదని. మనుషుల్ని ఒకచోట నిలబెట్టడానికి పన్ను మాఫీ చేయడం ఇవాళ కొత్తగా పుట్టిన ఉపాయం కాదన్నమాట. అయితే 12వ శతాబ్దంలో అనంతవర్మ చోడగంగు కాలంలో రాజధానే కటకానికి వెళ్లిపోయింది. రాజుగారే వలస పోయిన ఊరిది, మన పిల్లల్ని ఏమంటాం!

ఇక లెక్కకు వస్తాను. ఆదాయపు పన్ను కేంద్రానిది. బెంగళూరులో ఉన్నా జలుమూరులో ఉన్నా ఒకటే రేటు. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో జీతం ఏడాదికి 12 లక్షల 75 వేల దాకా ఉంటే పన్ను లేదు. 15 లక్షల జీతగాడికి 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోను 93,750 పన్ను, దాని మీద 4 శాతం సెస్సు, మొత్తం 97,500 రూపాయలు. వంశధార ఒడ్డున కూర్చుని పనిచేసినా ఇందులో ఒక్క రూపాయి తగ్గదు. వృత్తి పన్ను అంటారా, రాజ్యాంగం 276వ అధికరణం ప్రకారం అది ఏ రాష్ట్రంలోనూ ఏడాదికి 2,500 దాటకూడదు. మన దగ్గర నెలకు 20 వేలు దాటిన జీతానికి 200. దాని కోసం ఎవరూ ఊరు మారరు.

పాత పద్ధతిలో ఉన్నవాళ్లకు ఒక చిక్కుంది. సొంత ఇంటికి వచ్చేస్తే అద్దె ఉండదు కాబట్టి ఇంటద్దె అలవెన్సు మీద వచ్చే మినహాయింపు పోతుంది. అంటే ఊరికి వస్తే పన్ను పెరుగుతుంది! అమ్మకు అద్దె ఇస్తున్నట్టు కాగితం రాసుకుంటానని ఒక అబ్బాయి అన్నాడు. నిజంగా ఇస్తే తప్పులేదు బాబూ, ఇల్లు అమ్మ పేరున ఉండాలి, డబ్బు ఆమె ఖాతాలో పడాలి, ఆమె ఆదాయంలో చూపించాలి. ఉత్త కాగితమైతే అది అబద్ధమే. దానికి నన్ను సంతకం అడగొద్దు.

ఇంటి పన్ను సంగతి. పట్టణాల్లో 2021 నుంచి అద్దె విలువ బదులు ఆస్తి విలువ మీద వేస్తున్నారు, పంచాయతీల్లో దానికన్నా తక్కువ. పెట్రోలు మీద మన రాష్ట్రం 31 శాతం వ్యాటు, పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి వేస్తుంది. పాతపట్నం దాటి పర్లాకిమిడి వెళ్తే ఒడిశా బంకులో తక్కువ. కానీ ఇక్కడి నుంచి బండి మీద అక్కడికి వెళ్లి ట్యాంకు నింపుకుని వస్తే మిగిలేదేమిటో మీకే తెలుసు.

అసలు తేడా అద్దెలో ఉంది. నా చెల్లెలి కొడుకు బెంగళూరులో నెలకు 24 వేలు అద్దె కట్టేవాడు. ఏడాదికి 2 లక్షల 88 వేలు. ఇందాక చెప్పిన పన్నుకు దాదాపు మూడు రెట్లు. కరోనా కాలంలో "మామూ, ఏం చేయమంటావు?" అని అడిగాడు. నేను కాగితం మీద నాలుగు అంకెలు వేసి, "నిక్షేపంగా ఇంటికి రా" అన్నాను. వచ్చాడు.

పద్నాలుగు నెలలున్నాడు. నా లెక్క తప్పింది. అంకెలు సరిగానే ఉన్నాయి, కానీ నేను వేసింది సగం లెక్కే. వానాకాలంలో కరెంటు పోతే ఇంటర్నెట్టు కూడా పోయేది. మీటింగు మధ్యలో వాడు మాయమయ్యేవాడు. రెండుసార్లు పైఅధికారి మందలించాడు. ఇక్కడ తుపాను వచ్చిందని అక్కడివాళ్లకు ఏం తెలుస్తుంది? 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటాక మన జిల్లాలో ఎన్ని ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయో చూశాం. ఉద్యోగం ఆ తీగ మీద వేలాడుతున్నవాడికి అది ఎంత నష్టమో నేను ముందు ఆలోచించలేదు. నగరంలోనూ తుపాను తప్పదు, 2014లో హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో మరిచిపోలేం. కాకపోతే అక్కడ తీగలు ముందు లేస్తాయి, మన దాకా వచ్చేసరికి ఆలస్యమవుతుంది.

రెండోది వైద్యం. కోడలు పిల్లకు అప్పుడు ఏడో నెల. కంపెనీ ఇచ్చిన బీమా కార్డు ఉంది కదా అని ధీమాగా ఉన్నాం. తీరా రాత్రిపూట అవసరం పడ్డాక చూస్తే, ముందుగా డబ్బు కట్టకుండా చేర్చుకునే ఆసుపత్రుల జాబితాలో మాకు దగ్గర్లో ఉన్నవి లేవు. అప్పు చేసి కట్టాం, తర్వాత బిల్లులు పెట్టి తెచ్చుకున్నాం. అల్‌హమ్దులిల్లాహ్, తల్లీబిడ్డా క్షేమం. కానీ ఆ రాత్రి మా చెల్లెలు నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. అందుకే ఇప్పుడు ఎవరు సలహా అడిగినా జీతం చీటీ కన్నా ముందు ఆ జాబితా తీయమంటాను.

మూడోది నీళ్లు. మన జిల్లావాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో మనకు తెలుసు. హిరమండలం నుంచి ఇదే వంశధార నీళ్లను పైపుల్లో అక్కడికి తీసుకెళ్లే సుమారు 700 కోట్ల పథకాన్ని, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని 2023 డిసెంబరులో ప్రారంభించారు. సంతోషమే. అయినా ఏ ఊళ్లో కాపురం పెట్టినా ముందు బోరు నీళ్లు పరీక్ష చేయించండి. ఆ పరీక్షకు అయ్యే ఖర్చు ఎంతో కాదు.

మా వాడు చివరికి బెంగళూరు పోలేదు, విశాఖలో ఇల్లు తీసుకున్నాడు. అద్దె బెంగళూరులో కట్టినదాంట్లో సగం. అమ్మానాన్నలు నెలకు పది రోజులు అక్కడ, మిగతా రోజులు ఇక్కడ. పిల్ల బడికి వెళ్తోంది, జుమాకు మసీదు నడిచి వెళ్లే దూరంలో ఉంది. ఇది అందరికీ సరిపడే దారి అని నేను అనను. ఇంట్లో మంచం పట్టిన తండ్రి ఉన్నవాడికి లెక్క వేరు, పెళ్లికాని కుర్రాడికి వేరు. ఎంత మిగులుతుందన్నదొక్కటే చూస్తే నాలాగే పొరపాటు పడతారు, అంతే.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ల కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి కాబట్టి ఆ మాట కూడా చెప్పాలి. "అక్కడ పన్నే లేదు" అంటారు. జీతం మీద లేదు, నిజమే. సౌదీలో 2020 జూలై నుంచి కొనుగోళ్ల మీద 15 శాతం వ్యాటు. వెంట ఉన్న ప్రతి మనిషికి నెలకు 400 రియాళ్ల రుసుము. భార్య, ముగ్గురు పిల్లలైతే ఏడాదికి 19,200 రియాళ్లు. దాన్ని పన్ను అనకపోతే ఇంకేమనాలి? దుబాయిలో అద్దె మీద 5 శాతం కరెంటు, నీళ్ల బిల్లులో కలిపి వసూలు చేస్తారు. అమెరికాలోనూ అంతే. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని మన తెలుగువాళ్లు డల్లాస్‌లో ఇళ్లు కొంటారు, తీరా ఇంటి పన్ను చూశాక గుండె పట్టుకుంటారు.

ఇంతకన్నా ముఖ్యమైనది ఒకటుంది, దయచేసి వినండి. దుబాయి కంపెనీ పనిని ఏడాది పొడుగునా మన ఇంట్లో కూర్చుని చేస్తే ఆ జీతానికి ఇక్కడ పన్ను కట్టాలి. డబ్బు దిర్హాముల్లో వచ్చిందా, అక్కడి బ్యాంకులో పడిందా అన్నది కాదు, పని ఎక్కడ చేశారన్నది చూస్తారు. ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉంటే మీరు ఇక్కడి నివాసులే. "వీసా ఉంది కదా చాచా" అని ఒకరిద్దరు నాతో వాదించారు. వీసా వేరు, నివాసం వేరు. నోటీసు వచ్చాక పరుగెత్తుకు రావడం కన్నా ముందే వచ్చి అడగండి.

జకాత్ గురించి ఉలమాలు చెప్పాలి, నేను కాదు. గుమాస్తా మాటలు రెండే చెప్తాను. జకాత్ ఇచ్చామని ప్రభుత్వ పన్ను తగ్గదు, పన్ను కట్టామని జకాత్ తీరిపోదు. రెండోది, చాలామంది విరాళానికి 80జీ రసీదు అడుగుతున్నారు. కొత్త పద్ధతిలో ఉన్నవాళ్లకు ఆ మినహాయింపు లేదు. రసీదు ఎలాగూ ఇస్తాం, కానీ దానితో పన్ను తగ్గుతుందని ఆశపడి తర్వాత మమ్మల్ని తిట్టుకోవద్దు.

చివరగా కమిటీ ముందు ఒక విన్నపం. నరసన్నపేటలో మన సంఘం మేడ మీది గది రంజాన్ నెల తప్ప ఏడాదంతా తాళం వేసి ఉంటుంది. అందులో ఒక పెద్ద ఇన్వర్టరు, రెండు వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ కనెక్షన్లు, ఆరు బల్లలు వేయిస్తే, ఇంటికి రావాలనుకునే పిల్లలకు కరెంటు బెంగ తీరుతుంది. నెలకు ఇంత అని తీసుకుంటే ఖర్చు వాళ్ల మీదే వెళ్లిపోతుంది. ఆడపిల్లలకు వేరే సమయమో, అడ్డుగోడో పెద్దలు నిర్ణయించండి. ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడి అంచనా రాయించాను, కార్యదర్శి గారి చేతిలో పెట్టాను. గది చూడదలచినవాళ్లు ఆదివారం అసర్ నమాజు తర్వాత రండి, తాళం చెవి నా దగ్గరే ఉంది.