మూత్రం నుంచి గుండె దాకా



మా ప్రొఫెసరుగారి పేరిట జరిగే సభ ఇది. ఏం మాట్లాడాలా అని నేను వెతుక్కోలేదు. పాఠం చెబుతూ ఆయన కాంగో రెడ్ స్లైడు దగ్గర ఆగిపోయేవారు. గుండె కండరం పోగుల మధ్య ఎర్రటి ముద్దలు, పోలరైజ్డ్ లైటులో తిప్పితే పచ్చి యాపిల్ రంగు. "ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పండయ్యా" అని అడిగేవారు. వైద్యలోకం దానికి జవాబు చెప్పడానికి నూట పాతికేళ్లు పట్టింది.

మజ్జలో ప్లాస్మా కణాల వంశమొకటి అదుపు తప్పి యాంటీబాడీ భాగాలైన లైట్ చైన్లను కుప్పలుగా తయారుచేయడం, అవి వికటించి గుండెలో పేరుకోవడం, గుండె బిరుసెక్కడం మీకు తెలిసినవే. ఆ జవాబు మొదలైన చోటికి, నేరుగా 1845 లండన్‌కు వెళదాం.

ఒక వ్యాపారి, వయసు నలభై అయిదు. ఎముకల నొప్పులతో మంచం పట్టాడు. వైద్యుడు విలియం మెకింటైర్ ఆయన్ను చూస్తున్నారు. కాళ్లకు నీరు దిగింది, పైగా మూత్రం తగిలిన లోబట్టలు ఆరాక గంజి పెట్టినట్టు బిగుసుకుపోతున్నాయి. ఆ నీరు, ఆ బిగువు చూశాక మెకింటైర్‌కు అనుమానం వచ్చింది. అక్టోబరు 30న మూత్రాన్ని వేడిచేసి చూశారు. మామూలు ఆల్బుమిన్ అయితే మరిగాక గడ్డకట్టి అలాగే ఉండాలి. ఇదేమో కరిగిపోయింది, చల్లారాక మళ్లీ గడ్డకట్టింది. నవంబరు 1న, ఆ రోగినే చూస్తున్న మరో వైద్యుడు థామస్ వాట్సన్ ఆ మూత్రం తీరును చీటీలో రాసి, ఇదేమిటో చెప్పమంటూ దాన్ని రసాయనవేత్త హెన్రీ బెన్స్ జోన్స్‌కు పంపారు.

జోన్స్ 1847లో ప్రచురించారు, మెకింటైర్ వ్యాసం 1850లో గానీ రాలేదు. ప్రొటీన్‌కు జోన్స్ పేరే స్థిరపడింది.

ఇక్కడ చరిత్రకారులతో నాకు పాత తగువుంది. రోగిని చూసినవాడు శాంపిల్ పంపాడంతే, కొలిచి విశ్లేషించినవాడిదే శాస్త్రమని వాళ్ల వాదన. జోన్స్ గొప్ప రసాయనవేత్త, కాదనను. ఎముకలు మెత్తబడిన ప్రతి రోగిలోనూ ఈ పదార్థం కోసం వెతకమన్నది ఆయనే. కానీ వేడికి కరగడమన్న అసలు లక్షణం శాంపిల్ జోన్స్ చేతికి రాకముందే చీటీకెక్కింది. దాన్ని పట్టించినవాటిలో రోగి బట్ట మీది మరక కూడా ఉంది. ఆ మరకను లెక్కచేసిన కన్నును శాస్త్రం కాదంటే నేను ఒప్పుకోను. ఇలా పేరు దక్కనివాళ్లు మన దగ్గరా ఉన్నారు. ఈ సికింద్రాబాద్‌లోనే 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా క్రిమిని గుర్తించారు. దోమకు ఒక అణా చొప్పున తీసుకుని వాటిచేత కుట్టించుకున్న హుస్సేన్ ఖాన్‌ను ఎందరు తలుచుకుంటున్నారు?

ఆ తర్వాతి దశాబ్దాల మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. 1854లో విర్కో అవయవాల్లో పేరుకునే ఈ ముద్దను పిండిపదార్థం జాతిగా భావించి అమిలాయిడ్ అన్నారు. 1859లో ఫ్రీడ్రిక్, కెకులే అది ప్రొటీన్ అని చూపారు. 1922లో బెన్‌హోల్డ్ కాంగో రెడ్ తెచ్చారు. మూత్రంలోని ప్రొటీన్‌కూ ఈ ముద్దకూ చుట్టరికం ఉండవచ్చని మాగ్నస్ లెవీ 1931లో అన్నారు.

1962 దగ్గర మాత్రం ఆగాలి. ఎడెల్మన్, గ్యాలీ యాంటీబాడీ నుంచి లైట్ చైన్లను విడదీసి వేడిచేశారు. ముందు తెల్లబడి, మరిగేసరికి తేటబడ్డాయి. మెకింటైర్ చూసిందే మళ్లీ వాళ్లూ చూశారు, అంటే మూత్రంలోని ఆ ప్రొటీన్ లైట్ చైనే. 1971లో గ్లెన్నర్ బృందం అమిలాయిడ్ పోగుల్లోని అమైనో ఆమ్లాల వరస చదివి, అవి లైట్ చైన్ ముక్కలేనని తేల్చింది. మా ప్రొఫెసరుగారి ప్రశ్నకు జవాబు అదే.

అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు, మిగతాది, అంటే చికిత్స సంగతి, గబగబా చెబుతాను. మెల్ఫలాన్ వచ్చింది, ఆపైన మూలకణాల మార్పిడి, ఆపైన బోర్టెజోమిబ్. ఈ మందును మన హైదరాబాద్ నాట్కో కంపెనీ కూడా తయారుచేస్తోంది. 2021లో ఈ జబ్బుకు డారటుముమాబ్ వాడటానికి అమెరికాలో అనుమతి దొరికింది. ఇవన్నీ కొత్త లైట్ చైన్ల ఉత్పత్తిని ఆపుతాయి గానీ గుండెలో అప్పటికే చేరినదాన్ని నేరుగా కరిగించవు. వైద్యం అందకపోతే, గుండె వైఫల్యం మొదలైన రోగికి చాలాసార్లు మిగిలేది నెలలే.

విద్యార్థులు ఒక్కటి రాసుకోండి. ఎకోలో గుండె గోడ మందంగా ఉండి ఈసీజీలో గీతలు చిన్నవిగా ఉంటే, బీపీ వల్లేనని ఫైలు మూసేయకండి. నాలుక లావెక్కిందేమో చూడండి, కళ్ల చుట్టూ కమిలిందేమో చూడండి, మూత్రం నురగ కడుతోందేమో అడగండి. ఫ్రీ లైట్ చైన్, ఇమ్యునోఫిక్సేషన్ పరీక్షలు ఆ రోజే రాయండి.