టికెట్ ఎవరింటికి వస్తుంది?



నాకు రాజకీయ కుటుంబాల గురించి మాట్లాడమన్నారు. దూరం పోనక్కర్లేదు, మన ఏలూరు పార్లమెంటు స్థానమే ఉంది. కొల్లేటి చేపల చెరువుల నుంచి మన పోలవరం కొండల దాకా అంతా ఇందులోదే. 2014లో గెలిచిన మాగంటి బాబు గారి తండ్రి రవీంద్రనాథ్ చౌదరి గారు మంత్రి, తల్లి వరలక్ష్మీదేవి గారు మంత్రి, తర్వాత ఆయనా రాష్ట్ర మంత్రి. 1998లో కాంగ్రెస్ ఎంపీ, 2014లో తెలుగుదేశం ఎంపీ. 2019లో కోటగిరి శ్రీధర్ గారు. చింతలపూడి నుంచి చాలాసార్లు గెలిచి మంత్రిగా చేసిన విద్యాధరరావు గారి అబ్బాయి. 2024లో పుట్టా మహేష్ కుమార్ గారు. మైదుకూరు ఎమ్మెల్యే సుధాకర్ యాదవ్ గారి కుమారుడు, యనమల రామకృష్ణుడు గారి అల్లుడు. వరసగా మూడుసార్లు వారసులే.

ఇది తప్పని నేననను. డాక్టర్ గారి అమ్మాయి డాక్టరైతే సంతోషిస్తాం కదా. కాకపోతే ఆ అమ్మాయి పరీక్ష రాసి అవుతుంది. ఇక్కడా పరీక్ష ఉంది, ఓటే పరీక్ష. కానీ హాల్ టికెట్ ఇచ్చేది పార్టీ. తండ్రి వెనక తిరిగిన కార్యకర్తలు, ఖర్చు పెట్టగల స్తోమత, ఊరూరా తెలిసిన పేరు ఉన్న ఇంటికే ముందు అందుతుంది.

మన ఎస్టీ స్థానాల్లో వేరేగా ఉంటుందనుకుంటారా? అరకు చూడండి. కురుపాం జమీందారీ కుటుంబంలోని కిశోర్ చంద్రదేవ్ గారు 1977 నుంచి ఎన్నోసార్లు ఎంపీ, 2011లో కేంద్ర గిరిజన మంత్రి. పోడు భూములకు పట్టాలిచ్చే 2006 అటవీ హక్కుల చట్టం బిల్లుగా ఉన్నప్పుడు దాన్ని పరిశీలించిన పార్లమెంటు సంయుక్త సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఆ మేలు మనం మరవకూడదు. 2019లో ఆయన తెలుగుదేశం నుంచి, సొంత కూతురు శ్రుతీదేవి గారు కాంగ్రెస్ నుంచి ఎదురెదురుగా నిలబడ్డారు. ఇద్దరూ ఓడిపోయారు. గెలిచింది గొడ్డేటి మాధవి గారు. కస్తూర్బా బాలికా విద్యాలయంలో పీఈటీ టీచరు, రెండు లక్షలకు పైగా మెజారిటీ!

ఆ కబురు విని నాలాంటి వాళ్లందరికీ ఒళ్లు పులకరించింది. అయితే పూర్తిగా చెప్పాలి కదా. ఆమె నాన్నగారు దేముడు గారు చింతపల్లి నుంచి రెండుసార్లు సీపీఐ ఎమ్మెల్యే. 2024లో అక్కడ గెలిచిన డాక్టర్ తనూజారాణి గారు అరకు ఎమ్మెల్యేగా చేసిన ఫాల్గుణ గారి కోడలు.

మరి నాన్న ఎమ్మెల్యే కాని, కూలికెళ్లి చదివిస్తున్న ఇంటి పిల్లలు ఎటు నుంచి లోపలికెళ్లాలి? నాకు కనిపించే దారి పంచాయతీ. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి లాంటి ఏజెన్సీ మండలాల్లో సర్పంచ్ పదవులు మనకే. 21 ఏళ్లు నిండితే చాలు. 1996 పీసా చట్టం ప్రకారం భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలి. ఆ సభలో లేచి, తీర్మానం చదివి వినిపించమని అడగడానికి ఎవరి కొడుకో, కూతురో కానక్కర్లేదు. మన చదువుకున్న పిల్లలే ఆ సభకు రారు, నా కోపం అదే.

18 నిండి ఓటు లేనివాళ్ల కోసం ఫారం 6 కాగితాలు తెచ్చాను. భోజనాలయ్యాక నా దగ్గరికి రండి. ఆధార్ జిరాక్సు మరిచిపోకండి.